నొప్పికి దండం పెట్టకండి

"సచ్చినంక మల్ల లేస్తుండు గదరా. ఇగ అండ్ల కష్టమేమున్నది?"

మా బాపు అన్న మాట ఇది. పండక్కి గోదావరిఖని వెళ్లినప్పుడు, రాత్రి అన్నాలయ్యాక, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేను ఒకే చోట పదకొండోసారి చచ్చిపోయాను. తెరనిండా ఒక కాలిపోయిన ఆడమనిషి ముఖం, దానికి రెండు పక్కలా రెండు పెద్ద చేతులు. నా బొమ్మ నేలకూలింది. కొన్ని సెకన్లకు ఒక ప్రార్థన పీట ముందు మళ్లీ ప్రత్యక్షమైంది. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో సపోర్ట్‌మెన్‌గా చేసి రిటైరైన మనిషి మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "ప్రపంచంలనే కష్టమైన గేములల్ల ఒకటి బాపూ" అని అంతకుముందే గొప్పగా చెప్పి ఉన్నాను. దానికి ఆయన ఇచ్చిన రివ్యూ ఆ రెండు ముక్కలే.

ఆ ఆట పేరు 'బ్లాస్ఫెమస్'. దైవదూషణ అని అర్థం. దాన్ని పూర్తి చేశాక కూడా నన్ను వదలనిది ఆ ఆటలోని రాక్షసులు కాదు, అది చూపించిన ఒక జబ్బు. నొప్పిని పవిత్రం చేయడం, ఆ పవిత్రతకు దండ వేయడం, ఆ నొప్పి ఎక్కణ్నుంచి వచ్చిందో అడక్కుండా ఇంటికెళ్లి పడుకోవడం. ఈ జబ్బు స్పెయిన్‌ది మాత్రమే అయితే నేను ఇది రాసేవాణ్ని కాదు. బొగ్గు గని కార్మికుడి గురించి ఈమధ్య మనం రాస్తున్న, చదువుతున్న, చప్పట్లు కొడుతున్న కవిత్వానికి పట్టింది కూడా సరిగ్గా ఇదే అని నా ఆరోపణ.

ఆరోపణ చేసేముందు ఆట గురించి చెప్పాలి. ఇది చదివేవాళ్లలో సగం మంది దాన్ని ఆడి ఉండరు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

*

'బ్లాస్ఫెమస్' 2019 సెప్టెంబర్‌లో వచ్చింది. చేసింది దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఉన్న 'ద గేమ్ కిచెన్' అనే చిన్న స్టూడియో. 2017లో కిక్‌స్టార్టర్‌లో 50 వేల డాలర్లు కావాలని అడిగితే, జనం 3 లక్షల 30 వేల డాలర్లకు పైగా ఇచ్చారు. టూడీ ఆట. అంటే మనిషి ఎడమకీ కుడికీ నడుస్తాడు, పైకి ఎక్కుతాడు, కిందికి దూకుతాడు, అంతే. చిన్నప్పుడు వీడియో గేమ్ షాపులో గంటకింత అని ఇచ్చి ఆడిన 'మారియో' లాంటిదే చూడ్డానికి. కానీ ఇక్కడ పుట్టగొడుగులు లేవు. కూలిన చర్చిలు, ఎముకల గుట్టలు, తవ్వి తీసిన ఆర్చ్‌బిషప్ శవానికి బంగారు బట్టలు కట్టి ఊరేగించే చేతులు. గోతిక్ అనే మాటకు పిక్సెల్స్‌లో బొమ్మ గీస్తే ఇలాగే ఉంటుంది.

దాన్ని చేసినవాళ్లకు ఇదంతా ఊహ కాదు. సెవిల్‌లో ఈస్టర్ ముందు వారం జరిగే ఊరేగింపుల్లో మనుషులు ముఖం కనబడకుండా శంకులాంటి పొడవాటి ముసుగులు వేసుకుని నడుస్తారు. కొందరు చెప్పుల్లేకుండా, కొందరు భుజాన సిలువతో. రెండు వందల ఏళ్ల కిందట గోయా ఒక బొమ్మ వేశాడు, వీపుల మీద రక్తం కారేలా తమను తాము కొట్టుకుంటూ వెళ్లే భక్తులది. ఆట చేసినవాళ్లు ఆ వీధుల్లోనే పెరిగారు, ఆ బొమ్మలు చూస్తూ పెరిగారు. అందుకే మన హీరో తలమీద ఉన్నది అదే శంకు ముసుగు, ఇనుముతో చేసింది. ఆట మొదట్లోనే ఒక రాక్షసుణ్ని చంపి, వాడి రక్తంతో ఆ ముసుగు నింపి, దాన్నలాగే తలకు తగిలించుకుంటాడు. రక్తం మెడమీంచి కారుతుంది. ఏమీ మాట్లాడడు. మౌనం అతని వ్రతం. పేరు కూడా లేదు, పశ్చాత్తాపి అంటారు అంతే.

ఆ దేశం పేరు కస్టోడియా. అక్కడ దేవుడి కుర్చీలో ఉన్నది 'మిరకిల్', మన మాటలో మహిమ. ఈ మహిమకు ఒక లెక్క ఉంది. అపరాధభావంతో కుంగిపోయి నన్ను శిక్షించు అని ఎవరు మనసారా అడిగినా అది వింటుంది. ఒక కుర్రవాడు దుంగ మీద కూర్చుని శిక్ష వేడుకుంటే, ఆ దుంగే వాడి ఒంటిని పెనవేసుకుని వాడు మెలికలు తిరిగిన చెట్టయిపోయాడు. జనం పారిపోలేదు, మొక్కారు. అదే వాళ్ల మతానికి మూలకథ. ఒక అందగత్తెను ఊరంతా పూజిస్తుంటే భరించలేక ఆమె తన ముఖాన్ని మరిగే నూనెతో కాల్చుకుంది. ఆ కాలిన ముఖం పేరుతోనే మళ్లీ ఒక మఠం వెలిసింది. నేను పదకొండుసార్లు చచ్చింది ఆమె చేతిలోనే.

ఆ లోకంలో డబ్బు పేరేమిటో తెలుసా? ప్రాయశ్చిత్త కన్నీళ్లు. శత్రువును చంపితే కన్నీళ్లు వస్తాయి, వాటితో సామాన్లు కొనుక్కోవచ్చు. చచ్చిపోతే, చచ్చిన చోట నీ అపరాధం ఒక ముక్కగా పడి ఉంటుంది. అది మళ్లీ వెళ్లి ఏరుకునే దాకా నీ శక్తి పట్టీలో కొంత భాగం పనిచేయదు. వెళ్లలేకపోతే ఒక విగ్రహం దగ్గర కన్నీళ్లు చెల్లించి కడిగించుకోవచ్చు. నొప్పిని నాణెంగా మార్చి, దానికి మారకపు రేటు పెట్టి, పూజారిని క్యాషియర్ చేసిన వ్యవస్థ ఇది. వందల పేజీల వ్యాసం చెప్పలేని సంగతిని ఒక ఆట నియమంతో చెప్పేశారు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది. కస్టోడియాలో మనకు ఎదురుపడే మనుషుల్లో దాదాపు ఎవరూ "ఈ నొప్పి ఎవరు పంపుతున్నారు?" అని అడగరు. ఎంత అందంగా భరించాలి అన్నదే వాళ్ల బాధంతా.

*

మొదటి తగువు గేమర్లతో.

ఇలాంటి కష్టమైన ఆటలు ఆడేవాళ్లలో ఒక సంప్రదాయం ఉంది. ఆటలో ఈజీ మోడ్ పెట్టమని ఎవరైనా అడిగితే వాళ్ల మీద పడిపోతారు. అదే 2019లో 'సెకీరో' అనే జపాన్ ఆట వచ్చినప్పుడు ఈ గొడవ ప్రపంచమంతా నడిచింది. చేతకాకపోతే ఆడకు, మేం కష్టపడి గెలిచాం, నువ్వూ పడు, కష్టంలోనే అర్థం ఉంది. మన తెలుగు యూట్యూబ్ లైవుల్లో కూడా ఇదే పాట. వందసార్లు చచ్చి గెలిచినవాడికి ఒక రకం వైరాగ్యం వస్తుంది. తపస్సు చేసి వచ్చినట్టు మాట్లాడతాడు.

బాపు మాట ఈ తపస్సుకు సూదిపోటు. మళ్లీ లేస్తున్నాడు కదా, ఇంకేం కష్టం?

నిజానికి మంచి కష్టమైన ఆటలో ఉన్నది కష్టం కాదు, న్యాయం. 'బ్లాస్ఫెమస్'లో ప్రతి శత్రువూ దెబ్బ వేసేముందు ఒక సైగ చేస్తాడు. భుజం వెనక్కి లాగుతాడు, ఊపిరి పీలుస్తాడు, ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ సైగ ప్రతిసారీ అదే. దెబ్బ ప్రతిసారీ అంతే దూరం వస్తుంది. కింద ఇనుప ముళ్లు ఉంటే, ఎంత ప్రాణం మిగిలి ఉన్నా పడ్డ మరుక్షణం పోతావు, నిజమే. కానీ ఆ ముళ్లు తెరమీద కనబడుతూనే ఉంటాయి, దాచిపెట్టరు. అంటే నువ్వు చచ్చావంటే ఏదో చూడలేదని అర్థం. చూడ్డం నేర్చుకో, బతుకుతావు. ఆటగాడు గెలిచేది నొప్పిని భరించి కాదు. చదవడం నేర్చి.

ఈ మాట నాకు ఆట నేర్పలేదు. నా చిన్నప్పుడు బాపు నేర్పాడు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పొద్దున్నే చాయ్ తాగుతూ చెప్పేవాడు, కప్పును ఎట్లా వినాలో. బాయిలో కప్పు అంటే తలపైన ఉండే బండ. పని మొదలుపెట్టేముందు దాన్ని గడ్డపారతో తట్టి చూస్తారు. గట్టి బండయితే ఖణేల్‌మంటది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. ఆ తేడా చెవికి తెలియాలి. కింద పెట్టిన కట్టె దిమ్మె కూడా మాట్లాడతదట. బరువు దిగుతుంటే అది మూలుగుతది, చిటపటమంటది. "కట్టె సెప్తది బిడ్డా, ఇనుము సెప్పది" అనేవాడు. ఇనుప సపోర్టు అంత త్వరగా మూలగదు, అందుకే పాతవాళ్లకు కట్టె అంటేనే నమ్మకం.

అది సైగ చదవడమే. ఆటలో నేను నేర్చుకున్నది అదే విద్య, ఒక్క తేడాతో. కప్పు ప్రతిసారీ ఒకేలా సైగ చేయదు. చేయకుండా కూడా కూలుతుంది. కింద ప్రార్థన పీట ఉండదు. చాలా బాయిల మీద, దిగేముందు దండం పెట్టుకోడానికి ఒక చిన్న గుడి ఉంటది. మొక్కి దిగుతారు. దిగినవాణ్ని మళ్లీ లేపి అక్కడ నిలబెట్టే శక్తి ఆ గుడికి లేదని మొక్కేవాళ్లందరికీ తెలుసు.

కాబట్టి కష్టమైన ఆటల భక్తులారా, మీరు సాధించింది తపస్సు కాదు, నైపుణ్యం. దాన్ని తపస్సు అనుకున్న రోజున మీరూ కస్టోడియా పౌరులే. ఈజీ మోడ్ పెడితే మీ కన్నీళ్ల విలువ పడిపోతుందని మీ భయం. మీ నైపుణ్యానికి ఏమీ కాదు.

*

ఇక అసలు తగువు. ఇది మనతో, అంటే రాసేవాళ్లతో, చదివేవాళ్లతో.

డిసెంబర్ 23 సింగరేణి దినోత్సవం. ఆ వారం గోదావరిఖని చౌరస్తా నుంచి సెంటినరీ కాలనీ దాకా వెళ్లి ఫ్లెక్సీలు చదవండి. నల్ల సూర్యుడు. చీకటిలో వెలుగు. సరిహద్దులో సైనికుడు, గనిలో కార్మికుడు. చెమట చుక్క, నెత్తుటి బొట్టు, త్యాగం. ఇవి ఫ్లెక్సీల్లో ఉండటం సహజం, ఫ్లెక్సీ పనే అది. నా గొడవ ఏమిటంటే, అదే సాయంత్రం సాహిత్య సభలో చదివే కవితలో కూడా సరిగ్గా అవే మాటలు. ఆ కవితే తర్వాత ఏదో ఒక పత్రికలో వస్తుంది. హైదరాబాద్‌లో కూర్చున్న మనం కింద కామెంట్ పెడతాం: గుండె బరువెక్కింది.

ఎందుకు బరువెక్కింది? ఎవరి వల్ల?

ఈ కవితల్లో క్రియకు కర్త ఉండదు. గమనించండి. బాయి మింగేసింది. చీకటి కమ్మేసింది. నల్లతల్లి తన బిడ్డల్ని తన కడుపులోకే తీసుకుంది. మింగేది బాయి, కమ్మేది చీకటి, తీసుకునేది తల్లి. ఒక మనిషి గానీ, ఒక నిర్ణయం గానీ, ఒక కాగితం గానీ, ఒక సంతకం గానీ ఈ వాక్యాల్లోకి రాదు. బొగ్గును దేవతను చేసి, ఆ దేవత బలి కోరిందని చెప్పి, బలైనవాడిని సూర్యుణ్ని చేస్తే సరిపోయింది. ఇది కస్టోడియా వ్యాకరణం. అక్కడ మిరకిల్ చేసింది అంటారు, ఇక్కడ బాయి చేసింది అంటాం.

2003 జూన్ 16న గోదావరిఖని దగ్గర జీడీకే 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, జీడీకే 8ఏ ఇంక్లైన్‌లో కప్పు కూలి 10 మంది పోయారు. ఒకే పట్టణం, ఒకే సంవత్సరం. గోదావరిఖనిలో నా వయసువాళ్లకు ఆ ఏడాది ఏ ఇంటి ముందు టెంట్ వేశారో గుర్తే.

నీళ్ల గురించి కవితలు ఏమంటాయో తెలుసు. గోదారమ్మ కోపమొచ్చింది, జలసమాధి అయ్యారు. కానీ గనిలోకి నీళ్లు దేవత కోపంలా రావు. నీళ్లు నిలిచిన పాత పనులు ఎక్కడున్నాయో ప్లానులో గీసి ఉంటుంది, లేదా ఉండాలి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం, వదిలేసిన పాత పనులకు 60 మీటర్ల లోపలికి తవ్వుకుంటూ వెళ్లాలంటే ముందే రాతపూర్వక అనుమతి కావాల్సి ఉండేది. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్‌నాలా గనిలో నీళ్లు దూసుకొచ్చి 370 మందికి పైగా చనిపోయారు. అంటే నీళ్లు, మధ్యలో గోడ, గోడ మందం, సర్వే, అనుమతి, ఇవన్నీ ఎప్పట్నుంచో అందరికీ తెలిసిన ప్రశ్నలే. ఈ ప్రశ్నలకు మీటర్లలో, తేదీల్లో, సంతకాల్లో జవాబులు ఉంటాయి. ఏ ఒక్క గని మీదా నేనిక్కడ తీర్పు చెప్పడం లేదు, ఆ పని విచారణలది. నేనంటున్నది, "అరవై మీటర్లు" అనే మాట ఒక్కటైనా పట్టగలిగిన కవిత ఏదని? పట్టదు. ఎందుకంటే కొలత వచ్చిన చోట మహిమ నిలవదు.

నొప్పిని పవిత్రం చేయడం వల్ల ఎవరికి లాభం? అది అనుభవించేవాడికి కాదు. సూర్యుడికి మెడికల్ బోర్డు అవసరం లేదు. సైనికుడు ఓవర్‌టైం అడగడు. త్యాగం చేసినవాణ్ని నీకెంత రావాలి అని అడగడం అమర్యాద. ఒక మనిషిని దేవుడి వరసలో నిలబెడితే ఆయనకు బాకీ పడిన లెక్క మొత్తం కొట్టేయొచ్చు. ఇదంతా కుట్ర అనను. ప్రేమతోనే చేస్తున్నాం. కస్టోడియా జనం కూడా చెట్టయిపోయిన ఆ కుర్రవాడికి ప్రేమతోనే మొక్కారు.

ఇందులో ఇంకో మోసం ఉంది. పవిత్రతకు ఎప్పుడూ ఒక యూనిఫామ్ కావాలి. మన కవితల్లో కార్మికుడంటే క్యాప్‌ల్యాంప్, నల్లబడ్డ ముఖం, తట్టా చెమ్మాస్, అండర్‌గ్రౌండ్. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి పర్మనెంటు కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. ఎక్కువ బొగ్గు ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌లదే. అక్కడ పైమట్టి తీసే పనంతా చాలావరకు కాంట్రాక్టులది. ఆ ఓబీ డంపర్ నడిపే ఇరవై ఆరేళ్ల పిల్లవాడికి క్యాప్‌ల్యాంప్ లేదు. వాడి ముఖం నల్లగా ఉండదు, మట్టి రంగులో ఉంటది. వాడు సూర్యుడు కాలేడు. 2022 సెప్టెంబర్‌లో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు జీతాల కోసం సమ్మె చేశారు. ఎన్ని కవితలు వచ్చాయి? చౌరస్తాలో నిలబడి జీతం అడిగేవాడిలో మహిమ కనబడదు మనకు. చచ్చిపోతేనే కనబడుతుంది.

*

ఒకటి రెండు అభ్యంతరాలు ఊహించగలను.

మొదటిది: బొగ్గు సాహిత్యం మొత్తాన్ని ఒకే గంపలో వేస్తున్నావు. లేదు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలు చదివినవాళ్లకు తెలుసు, అక్కడ మనుషులకు పేర్లున్నాయి, పనికి వివరం ఉంది, నొప్పికి కర్త ఉన్నాడు. 1981లో ఒకరోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తామన్న చట్టం మీద సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఆ కాలపు రాతల్లో ఆ ఎనిమిది అనే అంకె ఉంటుంది. ఒకటికి ఎనిమిది అన్నదే వాళ్ల కోపం. నేను అడుగుతున్నది కొత్తదేం కాదు, మనం మర్చిపోయింది. రాజకీయం నచ్చినా నచ్చకపోయినా, ఆ రాతలు కార్మికుణ్ని విగ్రహం చేయలేదు, వాదించే మనిషిగా ఉంచాయి.

రెండోది: ఆ కవితలు కార్మికులకు గౌరవం ఇస్తాయి, నువ్వెవరు వద్దనడానికి? దీనికి జవాబు నాది కాదు. ఒకసారి అలాంటి సభకు బాపును కూడా తీసుకెళ్లాను. ఒక కవి బాగా చదివాడు. గొంతు వణికింది, జనం చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. తిరిగి బండి మీద వస్తుంటే బాపు వెనకనుంచి అన్నాడు:

"మంచిగనే సదివిండు. గని కప్పు ముచ్చట ఒక్కటి లేకపాయె."

అంతే. ఆయనకు గర్వం లేదనుకోకండి. బోలెడుంది. కానీ ఆ గర్వం ఆయన ఊపిరితిత్తుల్లో లేదు, చెవిలో ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలకు ఆయన చెప్పే కథ ఒక్కటే: ఫలానా రోజు, ఫలానా లెవెల్లో, కప్పు డొల్లగా మోగిందని ఆయన అడ్డంపడి ఆపితే, మిగతావాళ్లు విసుక్కున్నారు. అరగంటకు అక్కడ బండ దిగింది. ఆ కథలో ఆయన ఏడవడు, ఎవరికీ త్యాగం చేయడు. ఆయన విన్నాడు, ఆయన మాట నిజమైంది. కార్మికుడి గౌరవం అంటే అది. ఆ చెవి మీద ఒక కవిత రాయమనండి, నేను మొదటి వరసలో కూర్చుంటాను.

మూడోది, కొంచెం ఇబ్బందిపెట్టేది: నువ్వు మెచ్చుకుంటున్న ఆట కూడా నొప్పిని అందంగా అమ్ముకుంటోంది కదా? అవును. ఒప్పుకోవాలి. శత్రువును చంపే ఆ క్లోజప్‌లు, కారే ఆ రక్తం, ఆ పిక్సెల్స్ అందం, వీటన్నిటికీ మురిసిపోయే ఆడాను. విమర్శిస్తున్న విందులోనే కూర్చుని తినడం అది. కానీ ఆ ఆట ఒక పని చేసింది, మన కవిత్వం చేయనిది. తన సొంత ముగింపును అది మార్చుకుంది.

*

ఆ మాటే చెప్పి ఆపుతాను.

'బ్లాస్ఫెమస్' చివర్లో ఒక బూడిద కొండ ఉంటుంది. ఆ మతానికి పెద్దయిన ఎస్క్రిబార్ చెట్టుగా మారి, కాలిపోయి, ఆ బూడిద కొండగా పేరుకుంది. కొండ మీద సింహాసనం. ఎక్కబోయినవాళ్లను బూడిద మింగేస్తుంది. ఓబీ గుట్టల కింద, ఎన్టీపీసీ బూడిద గాలిలో పెరిగినవాడికి ఆ కొండ చూస్తే నవ్వొస్తుంది, భయం కూడా వేస్తుంది. 2019లో ఆటకు రెండు ముగింపులు ఉండేవి. ఒకదాంట్లో మన పశ్చాత్తాపి కూడా బూడిదలో కూరుకుపోతాడు. ఇంకోదాంట్లో, నియమాలన్నీ పాటిస్తే, పైకి చేరి తన కత్తి తన గుండెలోనే దించుకుని, తానే కొత్త పూజావస్తువు అవుతాడు. ఒకటి ఓటమి, ఇంకోటి గెలుపు అని రాసుంటుంది గానీ, జాగ్రత్తగా చూస్తే రెండూ ఒకటే. ఒకదాంట్లో నొప్పి అతన్ని మింగింది. రెండోదాంట్లో నొప్పి అతనికి గుడి కట్టింది. మహిమ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

బొగ్గు గురించి మన దగ్గరున్నవి సరిగ్గా ఈ రెండు ముగింపులే. బాయి మింగిన కార్మికుడు, లేదా నల్ల సూర్యుడైన కార్మికుడు.

2021 డిసెంబర్‌లో ఆ స్టూడియో ఉచితంగా ఒక చేర్పు ఇచ్చింది, పేరు 'వూండ్స్ ఆఫ్ ఈవెన్‌టైడ్'. అందులో మూడో ముగింపు వచ్చింది. దాన్ని చేరాలంటే ఊరికే భరిస్తే చాలదు. కొత్త దారులు వెతకాలి, అంతకుముందు శత్రువుగా చూసిన ఒకామెను బంధం నుంచి విడిపించాలి. అప్పుడు తెలుస్తుంది, ఈ మహిమ తనంతట తాను జరగడం లేదని. దాని వెనక 'హై విల్స్' అనేవాళ్లున్నారు. పైన కూర్చుని కింద ఎవరికి ఏ నొప్పి అని నడిపించే సంకల్పాలు అవి. పశ్చాత్తాపి ఈసారి కత్తి తన గుండెలో దించుకోడు. వాళ్ల దాకా వెళ్తాడు. ఆ రోజుతో కస్టోడియాలో మహిమ ఆగిపోతుంది.

నేను సాహిత్యాన్ని అడుగుతున్నది కత్తి కాదు. ఆ మూడో దారి. నొప్పి కనబడ్డ చోట ఆగి దండం పెట్టకుండా, దాన్ని పట్టుకుని పైకి వెళ్లే వాక్యం. అరవై మీటర్లు అనగలిగే వాక్యం, ఎనిమిది రోజులు అనగలిగే వాక్యం, డొల్ల చప్పుడు వినగలిగే వాక్యం. క్యాప్‌ల్యాంప్ లేని డంపర్ డ్రైవర్ పేరు అడగగలిగే వాక్యం. గుండె బరువెక్కింది అని కింద రాసేముందు, ఈ బరువు ఎవరు పెట్టారు అని అడిగే పాఠకుడు.

ఆ మూడో ముగింపు పూర్తిచేసిన రోజున బాపుకు చూపించాను. కథంతా చెప్పాను, మొదటి రెండు ముగింపులు ఏమిటో, మూడోది ఎప్పుడొచ్చిందో. ఆయన చివరిదాకా చూశాడు. పైనున్నవాళ్ల దాకా పోయిన చోట కొంచెం ముందుకు వంగాడు. అంతా అయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"గీ ముచ్చట ముందుగాల్నే పెడితే అయిపోవు గదరా. రెండేండ్లు ఎందుకు పట్టింది?"